రిజిస్ట్రేషన్‌కు ముందు వచ్చిన చందాలకు లెక్క ఎలా చూపాలి?

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. కాలువ గట్ల మీద ఇళ్ల పట్టాల కోసం నాలుగేళ్లుగా తిరుగుతున్న వాళ్లమంతా కలిసి ఒక చిన్న పార్టీ పెట్టుకున్నాం. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ సెక్షన్ ప్రకారం, పార్టీ ఏర్పడిన 30 రోజుల్లోగా ఎన్నికల సంఘానికి దరఖాస్తు పంపాలి. కనీసం 100 మంది సభ్యులు ఓటర్లై ఉండాలి, రుసుము 10,000 రూపాయలు. ఇంతవరకూ ఇబ్బంది లేదు.

చిక్కంతా చందాల దగ్గరే. కాళేశ్వరరావు మార్కెట్‌లో కూరగాయలు అమ్మే అక్కలు పది, ఇరవై, యాభై చొప్పున ఇచ్చిన నోట్లు మా ఇంట్లో స్టీలు డబ్బాలో ఉన్నాయి. కొన్నింటికి ఇంకా పసుపు మరకలున్నాయి. మొత్తం 38,460 రూపాయలు. ఇచ్చిన ప్రతివారి పేరు, తేదీ నోటుపుస్తకంలో రాశాను గానీ రసీదులు ఇవ్వలేదు. అది నా పొరపాటే.

20,000 దాటి ఇచ్చినవారి వివరాలు ఎన్నికల సంఘానికి సమర్పించాలనీ, పన్ను మినహాయింపు కావాలంటే 2,000 దాటిన చందా నగదుగా తీసుకోకూడదనీ చదివాను. మావన్నీ చిన్న మొత్తాలే. కానీ పార్టీ పేరిట పాన్ కార్డు, బ్యాంకు ఖాతా రాకముందే చేతికొచ్చిన ఈ సొమ్మును ఎక్కడ జమ చేయాలి? నీ ఖాతాలో వేసుకో అని ఒక పెద్దాయన అన్నారు. నాకు మనసొప్పలేదు. అది వాళ్ల కష్టార్జితం, నా డబ్బుతో కలవకూడదు.

పార్టీ రిజిస్టర్ చేయించిన అనుభవం ఉన్నవారు, ఆడిటర్లు దయచేసి చెప్పండి. ఈరోజు తేదీతో రసీదులు రాసి ఇస్తే చెల్లుతాయా? దరఖాస్తుతో పాటు ఈ లెక్కను కూడా జతచేయాలా? గడువు ఇంకా పదకొండు రోజులే ఉంది.