క్రీట్ దీవిలో కారు నడపాలనుకుంటున్నాం: అమ్మానాన్నలతో ఎక్కడెక్కడికి వెళ్లొచ్చు?

కొర్లగుంట నుంచి:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మే నెలాఖరులో, పిల్లల సెలవుల్లో, గ్రీస్‌లోని క్రీట్ దీవికి వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆయన, ఐదో తరగతి చదివే బాబు, మా అమ్మానాన్న. నాన్నగారు హిస్టరీ లెక్చరర్‌గా రిటైరయ్యారు. అక్కడి పురాతన క్నోసోస్ ప్యాలెస్ గురించి ఏళ్ల తరబడి క్లాసులో పాఠం చెప్పారు గానీ కళ్లారా చూడలేదు. ఈ ప్రయాణం ముఖ్యంగా ఆయన కోసమే. బాబుకి మాత్రం సముద్రం ఉంటే చాలు.

కారు అద్దెకు తీసుకుని నేనే నడుపుతాను. ఆఫీసుకి రోజూ రేణిగుంట దాకా డ్రైవ్ చేస్తాను, తిరుమల ఘాట్ రోడ్డు కూడా అలవాటే. రోడ్డుకి కుడి వైపున నడపాలన్నదే కొంచెం టెన్షన్. మ్యాప్ చూసి ఇలా రాసుకున్నాను: హెరాక్లియన్‌లో దిగి క్నోసోస్, తూర్పు కొసన వాయ్ బీచ్, స్పినాలోంగా కోట దీవి, వెనక్కి వచ్చి రెథిమ్నో, హన్యా, ఎలఫోనిసి, బాలోస్ బీచ్‌లు, సమరియా లోయ. వారంలో అవుతాయా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లంటే కష్టం. అమ్మానాన్న పూర్తి శాకాహారులు. వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

చంద్రగిరి కోట:

అక్కా, వారంలో ఇవన్నీ కావు. పరుగులు పెట్టి చేసినా నాన్నగారికి ఏమీ మిగలదు. క్రీట్ తూర్పు నుంచి పడమరకి దాదాపు 260 కిలోమీటర్లు, నడుమ 2,400 మీటర్లు దాటిన కొండలు. హెరాక్లియన్ నుంచి హన్యాకి 140 కిలోమీటర్లే, కానీ రెండున్నర గంటలు వేసుకోండి. హైవే వదిలి దక్షిణానికి మళ్లితే ఇంకా నిదానం. కాబట్టి తూర్పు కొస, సమరియా రెండూ కొట్టేయండి. సమరియా 16 కిలోమీటర్ల నడక. చివర ఊరికి రోడ్డు లేదు, పడవలో బయటపడాలి. అమ్మతో అయ్యే పని కాదు.

తిరుమల ఘాట్ అలవాటుందన్నారు. మనకి ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు, ఎదురుగా బండి రాదు. అక్కడ ఒకటే రోడ్డు, మలుపు తిరగ్గానే టూరిస్టు బస్సు ఎదురవుతుంది, లేదంటే మేకల మంద. వెళ్లేలోపు భాకరాపేట ఘాట్‌లో నాలుగుసార్లు నడపండి, అది దీనికి దగ్గర. ఉత్తర తీరం హైవేలో ఇంకో పద్ధతుంది. చాలాచోట్ల అటొకటి ఇటొకటే లేన్, పక్కన వెడల్పుగా అంచు ఉంటుంది. నిదానంగా పోయేవాళ్లు ఆ అంచులోకి జరిగి వెనకవాళ్లకి దారిస్తుంటారు. వెనక బండి దగ్గరికొస్తే కంగారు పడకండి. ముందు రోడ్డు బాగా కనబడుతుంటే, అంచులో ఆగిన బండి లేదని చూసుకుని జరగండి.

రెండు ఊళ్లలో మకాం పెట్టండి. సగం రోజులు హెరాక్లియన్, సగం హన్యా. రెథిమ్నో మధ్యలోనే ఉంది, ఊరు మారే రోజు మధ్యాహ్నం అక్కడ ఆగొచ్చు.

హెరాక్లియన్‌లో ముందు మ్యూజియం, తర్వాత క్నోసోస్. నాన్నగారి విషయంలో ఈ వరస నా పట్టుదల. క్నోసోస్ ఊరికి 5 కిలోమీటర్లే. బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆర్థర్ ఎవాన్స్ 1900లో తవ్వకాలు మొదలుపెట్టి, తర్వాత కొన్ని భాగాలు కాంక్రీటుతో తిరిగి కట్టించాడు. ఎర్ర స్తంభాలు, గోడల మీద బొమ్మలు చాలావరకు అలా పెట్టినవే. అసలు బొమ్మలు మ్యూజియంలో ఉన్నాయి. అక్కడ ఎద్దు మీంచి మనిషి దూకే చిత్రం ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. ఎద్దు నాలుగు కాళ్లూ బారచాపి దూసుకుపోతోంది. ఒకరు కొమ్ములు పట్టుకున్నారు, ఒకడు వీపు మీద పల్టీ కొడుతున్నాడు, వెనక ఒకరు చేతులు చాచి ఉన్నారు. మూడున్నర వేల ఏళ్ల నాటి బొమ్మ! కనుమ రోజుల్లో మా రంగంపేట పశువుల పండగలో ఎద్దుల కొమ్ములకి కట్టిన పలకల కోసం కుర్రాళ్లు ఎగబడుతుంటే ఎలా ఉంటుందో అచ్చం ఆ ఊపే. బాబుకి తప్పకుండా చూపించండి.

మీ ఇంటిల్లిపాదికీ సరిపోయే రోజు ఒకటుంది. హెరాక్లియన్ నుంచి దక్షిణానికి ఒకే దారిలో గోర్టిన్, ఫైస్టోస్, మటాల వస్తాయి. గోర్టిన్‌లో క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు చట్టం రాతిగోడ మీద చెక్కి ఉంది. ఒక వరస ఎడమ నుంచి కుడికి, తర్వాతది కుడి నుంచి ఎడమకి. ఆస్తి పంపకాలు, విడాకులిచ్చిన భార్యకి ఏం దక్కాలి, అన్నీ అందులో ఉన్నాయి. ఫైస్టోస్ ప్యాలెస్‌ని క్నోసోస్‌లా మళ్లీ కట్టలేదు, దొరికింది దొరికినట్టు ఉంచారు. కొండ మీద నిలబడితే కింద మెసారా మైదానం అంతా కనబడుతుంది. నాకైతే క్నోసోస్ కన్నా ఇదే నచ్చింది. సాయంత్రం మటాల బీచ్‌లో బాబుని వదిలేయండి. పక్కన కొండలో రోమన్ల కాలం నాటి సమాధి గుహలున్నాయి, 1960ల్లో హిప్పీలు కాపురముంది వాటిలోనే. మేలో అక్కడ రాత్రి ఎనిమిది దాకా వెలుతురుంటుంది, తొందరేం లేదు.

గాంధీ రోడ్డు, చిత్తూరు:

కారు సంగతి నేను చెప్తాను మేడమ్. మన లైసెన్స్ ఒక్కటీ చాలదు, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. పరివాహన్ సైట్‌లో అప్లై చేసి మీ ఆర్టీవో ఆఫీసు నుంచి తీసుకోవచ్చు. ఏడాది చెల్లుతుంది, ఫీజు వెయ్యి రూపాయలు. రెండూ వెంట ఉండాలి.

డిపాజిట్‌కి సాధారణంగా నడిపేవాళ్ల పేరు మీదున్న క్రెడిట్ కార్డు అడుగుతారు. కార్డు మీ ఆయన పేరున, లైసెన్స్ మీ పేరున ఉంటే కౌంటర్ దగ్గర ఇబ్బంది పడతారు. ఇన్సూరెన్స్‌లో టైర్లు, అద్దాలు, బండి అడుగు భాగం కలుస్తాయో లేదో చదవండి. మట్టి రోడ్డు మీద దెబ్బ తగిలితే మామూలుగా వర్తించదు. బాలోస్‌కి చివరి 8 కిలోమీటర్లు మట్టి రోడ్డే. బండి తీసుకునేటప్పుడు చుట్టూ, చక్రాలు, బంపర్ కింద వీడియో తీయండి. మేం బండి తిరిగిస్తుంటే ఒక కంపెనీ వాళ్లు పాత గీత చూపించి డబ్బు అడిగారు, తేదీతో వీడియో చూపిస్తే ఊరుకున్నారు.

కాణిపాకం అక్క:

తిండి గురించి అమ్మకి భయం వద్దని చెప్పండమ్మా. క్రీట్ వాళ్లు ఆకుకూరలు, గింజలు బాగా తింటారు. హోర్తా అంటే ఉడికించిన ఆకుకూర, మీద ఆలివ్ నూనె, నిమ్మరసం. ఫావా మన ముద్దపప్పుకి దగ్గర. దాకోస్ అంటే గట్టి బార్లీ రొట్టె మీద టమాట తురుము, జున్నులాంటి చీజ్. టమాటలో, క్యాప్సికమ్‌లో బియ్యం కూరి వండే గెమిస్తా మా అత్తయ్యకి బాగా నచ్చింది, అయితే కొన్నిచోట్ల అందులో ఖీమా కలుపుతారు, అడిగి తెప్పించుకోండి. పెరుగు గడ్డగా, కమ్మగా ఉంటుంది. వంటిల్లున్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే రాత్రి అన్నం వండుకోవచ్చు. కందిపొడి పట్టుకెళ్లండి. నెయ్యి డబ్బా మాత్రం పెట్టొద్దు, బయటి దేశాల పాల ఉత్పత్తులు యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు.

కొర్లగుంట నుంచి:

అందరికీ చాలా థాంక్స్. గోర్టిన్ గురించి చదివి వినిపించగానే నాన్నగారు పాత నోట్సు బయటికి తీశారు! తూర్పు, సమరియా కొట్టేశాను. ఇక హన్యా వైపు బాలోస్‌కా, ఎలఫోనిసికా? అమ్మ కూడా నీళ్లలో కాళ్లు పెట్టేలా ఉండాలి.

చంద్రగిరి కోట:

ఎలఫోనిసి, అక్కా. బాలోస్‌కి కారులో వెళ్తే పార్కింగ్ నుంచి కిందికి చాలా దూరం దిగాలి, మళ్లీ ఎక్కాలి. కిస్సామోస్ రేవు నుంచి పడవ ఉంది గానీ అక్కడ నీడ తక్కువ.

ఎలఫోనిసి హన్యా నుంచి 75 కిలోమీటర్లు, గంటన్నర పైనే. దారిలో టోపోలియా దగ్గర ఒకే బండి పట్టే సొరంగం, సిగ్నల్ పడేదాకా ఆగాలి. బీచ్‌లో చాలాచోట్ల నీళ్లు మోకాలి లోతే, బాబు హాయిగా ఆడుకోవచ్చు. ఇసుక అంతా గులాబీ రంగు అనుకోకండి, నీటి అంచున చారలుగా కనబడుతుంది. ఆ ఇసుక తీసుకెళ్లడం నిషేధం, బాబుకి ముందే చెప్పండి. మే నెలలో నీళ్లు చల్లగా ఉంటాయి. దసరా సెలవులకైతే వెచ్చగా ఉండేవి, కానీ బ్రహ్మోత్సవాలప్పుడు అమ్మానాన్న తిరుపతి వదిలి రారు కదా.

ఉదయం తొమ్మిదిలోపు చేరిపోండి, బస్సులొస్తే పార్కింగ్ దొరకదు. బీచ్‌కి ముందే రాతిగుట్ట మీద క్రిసోస్కలిటిస్సా మఠం ఉంది. దాని మెట్లలో ఒకటి బంగారు మెట్టని, పాపం లేనివాళ్లకే కనబడుతుందని వాళ్ల నమ్మకం. అమ్మకి కింది నుంచే చూపించండి, తెల్లటి గుడి రోడ్డు మీదికే కనబడుతుంది.

ఇంకోరోజు సాయంత్రం ఫలసర్నా. కారు ఇసుక దగ్గరిదాకా పోతుంది, బీచ్ పడమటి ముఖం, సూర్యాస్తమయం సముద్రంలోనే. అమ్మకి కుర్చీ, గొడుగు అద్దెకిస్తారు. చీకటి పడ్డాక హన్యాకి తిరిగొచ్చేటప్పుడు తొందర లేకుండా నడపండి.