‘నా ఖర్మ’, ‘వాళ్ళ ఖర్మ’: ఒక ఒత్తు గురించి

‘ఖర్మ’ అని ఒత్తి రాయడం తప్పు కాదా, ‘కర్మ’ అని దిద్దవద్దా అని నిన్న మన బృందంలో ఒక సభ్యులు అడిగిన ప్రశ్నకు చాలామంది ‘తప్పే’ అని ఒక్క మాటలో తేల్చేశారు. వ్యుత్పత్తి వరకు వారి మాట నిజమే. ‘కృ’ ధాతువు నుంచి పుట్టిన కర్మలో ఒత్తుకు చోటు లేదు. అయితే అచ్చ తెలుగు మాటల్లో దాదాపు ఒత్తక్షరాలే లేని మనం, అక్కరలేని చోట పనిగట్టుకొని ఒత్తి పలుకుతున్నామంటే అందుకు ఏదో అవసరం ఉండి ఉండాలని నా అభిప్రాయం.

వ్యాకరణంలో కర్త చేసిన పని ఫలం ఎవరి మీద పడుతుందో వారు కర్మ. ఇంట్లో పెద్దవారు పోతే కొడుకు చేసేది కర్మ. గీత చెప్పే కర్మ మరొకటి. వీటిలో దేన్నీ మనం ఒత్తి పలకము. కష్టం వచ్చినప్పుడే అది ‘ఖర్మ’ అవుతుంది. ఎవరికైనా ఉద్యోగం వస్తే ‘వాడి అదృష్టం’ అంటాము గాని ‘వాడి ఖర్మ’ అనము. అన్నామంటే ఆ ఉద్యోగం మీద మనకు సదభిప్రాయం లేదన్నమాట. మంచిచెడులు రెండింటికీ చెల్లే సంస్కృత పదంలో నుంచి చెడును మాత్రం విడదీసి, దానికి ఒత్తును గుర్తుగా పెట్టుకున్నాము.

ఇంతకంటె నన్ను ఆలోచింపజేసేది ఆ మాటకు ముందు వచ్చే సర్వనామం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడలోని సింగ్ నగర్ మునిగి, ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారిన రోజుల్లో ఆ తేడాను స్వయంగా విన్నాను. నీరు తీశాక మా మేనత్త ఇంటికి వెళ్తే, ఆవిడ తడిసిన బియ్యం సంగతి వదిలేసి దేవుడి పటాలను పిట్టగోడ మీద వరసగా ఆరబెడుతున్నారు. వేంకటేశ్వరస్వామి పటంలో అద్దం వెనక బురదనీరు స్వామి నడుము దాకా నిలిచి ఉంది. పటం వంచి ఆ నీటిని పారబోస్తూ ‘నా ఖర్మకి ఆయనేం చేస్తాడు నాన్నా’ అన్నారు. ఆ సాయంత్రమే, చుక్క నీరు చేరని పేటలో ఉన్న మా బంధువొకరు కాఫీ తాగుతూ ‘ఏటికి అడ్డంగా ఇళ్ళు కట్టుకుంటే ఇంకేమవుతుంది, వాళ్ళ ఖర్మ’ అన్నారు.

అత్త మాట తర్కానికి నిలవదు; గండ్లు పడింది ఆవిడ పాపం వల్ల కాదు, వ్యాకరణం ప్రకారం ఆ వరదలో ఆవిడ కర్మే గాని కర్త కాదు. అయినా నేరాన్ని తన మీద వేసుకొని, రేపు దీపం పెట్టవలసిన దేవుణ్ణి మంచివాడిగానే మిగుల్చుకున్నారు. బంధువు నోట అదే పదం తీర్పు అయింది, దానితో సాయం చేయవలసిన బాధ్యత కూడా తీరిపోయింది. గుంటూరులోని నా క్రైస్తవ మిత్రుల ఇళ్ళలో ‘దేవుని చిత్తం’ అన్న నోటనే మరుక్షణం ‘నా ఖర్మ’ రావడం నేను విన్నాను కనుక, ఇది ఒక మతానికి చెందిన అలవాటు కాదు.

పోతన గజేంద్రుడు ఈ రెండు దారుల్లోనూ పోలేదు. ‘కలడందురు’ అని మూడుసార్లు లోకం మాటగా చెప్పి, చివరికి ‘కలడో లేడో’ అని దేవుణ్ణే సందేహించాడు. కొన్ని పద్యాల తరువాత ‘నీవే తప్ప నితఃపరం బెరుగ’ అంటూ ‘వాడు’ అనే ప్రథమ పురుష నుంచి ‘నీవు’ అనే మధ్యమ పురుషలోకి మారాడు. అతడు ఏనుగుగా పుట్టడానికి కారణమైన అగస్త్యుని శాపం, పూర్వజన్మ కథ వచ్చేది మొసలి పట్టు విడిపించిన తరువాతనే. మడుగులో పెనుగులాడుతున్నవాడికి ఆ కథ ఎవరూ వినిపించలేదు.

కనుక శాస్త్రవ్యాసంలో ‘కర్మ’ అనే దిద్దండి గాని, సంభాషణలో ఆ ఒత్తు తీసేస్తే మా అత్త మాట అత్త మాటగా ఉండదు. ఇక ‘నీ ఖర్మ’ సంగతి నాకు తేలలేదు. అది తరచు కష్టం రాకముందే, చెప్పిన మాట వినని కొడుకుతో తల్లి అనేది. దానిని నిందగా తీసుకోవాలో బెంగగా తీసుకోవాలో సభ్యులు తమ ఇళ్ళలో విన్న వాడుకను బట్టి చెప్పగలరు.