ఎస్సీ మహిళల ప్రమోషన్లు ఎక్కడ ఆగుతున్నాయి?

పెన్నాతీరం: మా ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్లలో ఎస్సీ ఆడవాళ్లు బాగానే ఉన్నారు. సూపరింటెండెంట్ సీట్లలో ఒక్కరూ లేరు. ఏపీలో కొత్త ఉద్యోగాల్లో మహిళలకు మూడో వంతు రిజర్వేషన్ ఉంది. ప్రమోషన్లలో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 6 శాతం ఉంది కానీ మహిళలకంటూ విడిగా లేదు. మీ దగ్గరెలా ఉంది?

రూల్‌బుక్: ఏ ఖాళీ ఏ వర్గానికో వరసగా చెప్పే రోస్టర్ ఉంది కదా, ఇంకేం కావాలి? మా దగ్గర ఒకావిడకు సూపరింటెండెంట్ వస్తే వద్దని తనే రాసిచ్చింది. ప్రమోషన్ వదులుకునే రూల్ 28 కింద. ఎవరూ బలవంతపెట్టలేదు.

సుజన: పోస్టింగ్ ఎక్కడిచ్చారు?

రూల్‌బుక్: జిల్లా ఆ చివర. అయితే? నన్ను ఏజెన్సీలో వేస్తే వెళ్లలేదా? రాసిచ్చింది తనే.

సుజన: మీరు వెళితే ఇంట్లో పిల్లల్ని చూసుకునే మనిషి ఉంది. నా సంగతి వినండి. ప్రమోషన్ల జాబితా, అదే ప్యానెల్, వేసే ముందు నాకు ఛార్జ్ మెమో (ఆరోపణల నోటీసు) ఇచ్చారు, పాత క్యాష్‌బుక్‌లో కొట్టివేత ఉందని. ఆ పేజీలో నా సంతకం కింద ఇంకో ఇద్దరివి ఉన్నాయి. మెమో నాకొక్కదానికే. ఛార్జెస్ పెండింగ్ అని పేరు పక్కన పెట్టారు. తర్వాత డ్రాప్ చేసి నోషనల్‌గా, అంటే కాగితం మీద మాత్రం, సీనియారిటీ ఇచ్చారు. బకాయి జీతం లేదు.

గోదారోడు: ప్రమోషన్‌కి రాయాల్సిన అకౌంట్ టెస్ట్ పాస్ కాక ఆగిపోయేవాళ్లూ ఉంటారు మేడమ్.

సుజన: నేను పాసయ్యాను సార్.

నల్లకోటు: ప్రమోషన్లలో రిజర్వేషన్‌కి 1995లో 77వ రాజ్యాంగ సవరణతో ఆర్టికల్ 16(4ఎ) తెచ్చారు. 2006 నాగరాజ్ తీర్పులో సుప్రీంకోర్టు వెనకబాటుతనానికి, ప్రాతినిధ్యం చాలకపోవడానికి లెక్కలు చూపమంది. 2018లో వెనకబాటుతనం లెక్క అక్కర్లేదన్నా, ప్రాతినిధ్యం లెక్క ఉంచింది. 2022లో అది కేడర్ వారీగా, అంటే ఒక్కో హోదాకి విడిగా, ఉండాలంది. ఇవన్నీ ఎస్సీ, ఎస్టీలు ఎంతమందనే లెక్కలు. అందులో ఆడవాళ్లెందరని ఎవరూ అడగలేదు. పదిహేను శాతమూ మగవాళ్లే ఉన్నా కాగితం మీద సరిపోయినట్టే.

రూల్‌బుక్: ఈ తీర్పులన్నీ నాకు చెప్పకండి. ఒకావిడ నాకంటే ఆరేళ్లు జూనియర్, రోస్టర్‌తో నాకు పై సీట్లోకొచ్చింది. ఫైలు పట్టుకుని ఆవిడ ముందు నిలబడాలంటే ఎలా ఉంటుందో మీకేం తెలుసు?

పెన్నాతీరం: ఇప్పుడు బయటికొచ్చింది అసలు బాధ.

రూల్‌బుక్: కులం అంటగట్టకండి. నేను మాట్లాడేది సీనియారిటీ.

సుజన: గ్రూప్-2లో పాతికేళ్ల కుర్రాడు నేరుగా డిప్యూటీ తహసీల్దార్‌గా వస్తే మీ సీనియారిటీ ఎక్కడికి పోతుంది? సార్ అని లేస్తారు కదా?

రూల్‌బుక్: అతను పరీక్ష రాసి వచ్చాడు.

సుజన: మేమూ పరీక్షలు రాసే వచ్చాం. రోస్టర్ పాయింట్ వచ్చిందంటే పని రాదనే మీ లెక్క. ఆ లెక్క చూసే మా మీద మెమోలు రాస్తారు.

గోదారోడు: రూల్‌బుక్ గారు చల్లబడాలి.

పెన్నాతీరం: సీనియారిటీ లిస్టు చేతిలో ఉన్నవాళ్లు మీ కేడర్‌లో ఎస్సీ మహిళలు ఎందరో ఇక్కడ పెట్టండి. రూల్‌బుక్ గారూ, మీరు కూడా.

రూల్‌బుక్: పెడతా. వద్దని రాసిచ్చినవాళ్లెందరో కూడా పెడతా, పేర్లు లేకుండా, ఆ కాగితాల తేదీలతో సహా.

సుజన: పోస్టింగ్ ఆర్డర్ల తేదీలు కూడా పక్కనే పెట్టండి.