బావకి పదవొచ్చింది, నా బొలెరోకి బుగ్గలు కావాలట

మధిర బొలెరో:
మా బావకి ఈమధ్య మార్కెట్ కమిటీలో డైరెక్టర్ పదవి వచ్చింది. బండి నాది, ఆర్సీ నా పేరు మీదే ఉంది, తిరిగేది మాత్రం ఆయన. ఇప్పుడు ముందు గ్రిల్ లోపల ఎరుపు, నీలం ఫ్లాషర్లు పెట్టించమని పట్టుబట్టాడు. "పైన బుగ్గ పెడితే తప్పుగానీ జాలీ లోపల పెడితే ఎవడు అడుగుతాడ్రా" అంటాడు. స్విచ్ స్టీరింగ్ కింద కనబడకుండా బిగిస్తారట. నిజంగా లోపలైతే పర్లేదా? కాదంటే అక్కతో మాటపడాలి. రూలేంటో తెలిసినవాళ్లు చెప్పండి.

వైరింగ్ పని:
బిగించేవాడికేం పోయింది అన్నా, డబ్బులిస్తే బిగిస్తాడు. కొందరైతే ఫ్యూజు కూడా వెయ్యకుండా హెడ్‌లైట్ వైరుకే కలిపి పంపిస్తారు. ఫాగ్ ల్యాంపులంటే నేనూ చేస్తా, ఇవి మాత్రం ముట్టుకోను.

రిటైర్డ్ ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్):
పైనా లోపలా అన్న తేడా రూల్లో లేదు నాయనా. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 108వది చూడు. బండి ముందువైపుకి ఎర్రలైటు కనబడకూడదు. జాలీలోంచి వచ్చినా అది ముందుకే కదా!

ఒకప్పుడు ఎవరెవరికి బుగ్గ ఇవ్వాలో ప్రభుత్వాలే జాబితా రాసుకునేవి. అది చేంతాడంత అయ్యాక 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు అభయ్ సింగ్ కేసులో కోత పెట్టింది. 2017 మే 1 నుంచి కేంద్రం ఆ జాబితాలే ఎత్తేసింది. ప్రధాని కారుకీ లేదు, ముఖ్యమంత్రి కారుకీ లేదు, మార్కెట్ కమిటీకి ఎక్కడిది? మిగిలినవి అంబులెన్సు, ఫైరింజను, శాంతిభద్రతల పనిలో ఉన్న పోలీసు, సైనిక బండ్లు, వరద, తుపాను లాంటి విపత్తుల్లో తిరిగేవి. ఆ పోలీసు, విపత్తు బండ్లైనా డ్యూటీలో లేనప్పుడు వెలిగించకూడదు.

జరిమానా మోటారు వాహనాల చట్టం 177 సెక్షన్ కింద మొదటిసారి 500 దాకా, మళ్లీ దొరికితే 1,500 దాకా. దానికి మీ బావ భయపడడని నాకు తెలుసు. కానీ 2019 సవరణతో వచ్చిన 182ఏ ఉంది. అనుమతి లేకుండా బండిలో మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. యజమాని అంటే ఆర్సీలో ఎవరి పేరుందో వాళ్లు. అంటే నువ్వు.

ఖమ్మం అంబులెన్స్:
నేను ఖమ్మం నుంచి హైదరాబాద్‌కి పేషెంట్లని తీసుకెళ్తుంటా. సూర్యాపేట దాటాక హైవే మీద రాత్రిపూట ఈ గ్రిల్ లైట్ల బండ్లు మా ముందు పడితే నరకమే. లారీవాడికి అద్దంలో కనబడేది వెలుగొక్కటే, వెనకున్నది పేషెంటో డైరెక్టరో వాడికెలా తెలుస్తుంది? పక్కకి జరిగి ఆ గ్రిల్ లైట్ల బండికి దారిస్తాడు, అది వెళ్లగానే మళ్లీ కుడి లేన్లోకి వచ్చేస్తాడు. వెనక కుయ్ కుయ్‌మంటూ వస్తున్న నన్ను దాని కాన్వాయ్‌లో బండే అనుకుంటాడు. లోపల ఆక్సిజన్ మీదున్న మనిషి, పక్కన వాళ్ల ఆవిడ "హారన్ కొట్టు బాబూ" అని ఏడుస్తుంటుంది. అంబులెన్స్‌కి దారివ్వకపోతే 194ఈ కింద 10,000 జరిమానా ఉంది. ఆ కేసు లారీవాడి మీద పెట్టాలా, మీ బావ మీదా?

మధిర బొలెరో:
బావకి అన్నీ చదివి వినిపించా. ఆర్సీ నీ పేరుకి మార్చుకుని ఏ లైటైనా పెట్టుకో అన్నా. కాసేపు ఆలోచించి "పోనీ సైరన్ హారన్ ఒక్కటైనా..." అన్నాడు.

రిటైర్డ్ ఎంవీఐ:
119వ రూలు. అది కూడా చదివి వినిపించు.