కాగితం పూల తీగ కత్తిరించాం, కుప్పంతా ఏం చేసుకోవచ్చు?

పెరటిపిచ్చి (రాజమండ్రి):
మేడ మీదికి పాకిన కాగితం పూల తీగని నిన్న కొట్టించాం. గేటు పక్కన నడుమెత్తు కుప్ప. ఆ గులాబీ రంగు చూస్తుంటే పారెయ్యబుద్ధి కావట్లేదు. పోయినసారి పుస్తకంలో ఆరబెట్టి, ఫెవికాల్‌తో కార్డు మీద అంటించాను. తెల్లారేసరికి రేకులు నల్లబడి, కార్డంతా గులాబీ మరకలు. ఆడపడుచు పెళ్లిరోజుకి చేసింది! ఎక్కడ చెడింది?

విశాఖ వదిన:
అవి రేకులు కావండీ, రంగు ఆకులు. మధ్యలో సన్నగా, తెల్లగా గొట్టాల్లా ఉంటాయే, అవీ అసలు పూలు. ఇక మరకల సంగతి: బీట్‌రూట్‌లో ఉండే రంగుల జాతే ఇందులోనూ ఉంది, నీళ్లలో ఇట్టే దిగిపోతుంది. ఫెవికాల్‌లో ఉన్నదీ నీళ్లేగా! రేకంతా పూయకుండా, అగ్గిపుల్ల కొసతో మొదలు దగ్గర చుక్క పెట్టి వదిలెయ్యండి. మిగతా రేకు లేచి ఉంటేనే అందం.

మిద్దెతోట (హైదరాబాద్):
కోసే సమయం కూడా చూసుకోవాలి. లేత రేకులు ఆరబెడితే ముడుచుకుపోతాయి. తెల్ల పువ్వు విచ్చి, వాడిపోయాక కొయ్యండి. అప్పటికి రేకు పట్టుకుంటే గరగరలాడుతుంది, సగం పని తీగే చేసిపెడుతుంది. గుత్తులు కట్టి తలకిందులుగా నీడలో వేలాడదీస్తా. ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది. తెల్ల రకం మాత్రం నాకెప్పుడూ గోధుమరంగుకే తిరిగింది, దాని జోలికి పోవడం మానేశా.

పెరటిపిచ్చి:
మరి కొమ్మలు? అవే ఎక్కువున్నాయి.

బుట్టలల్లే సీత:
కొమ్మలతోనే అసలు పని, గుమ్మానికి వేలాడదీసే పూలచుట్ట చెయ్యొచ్చు! వేలంత లావువి, కోసిన రోజే వంచాలి, ఆరితే పుటుక్కుమంటాయి. ముందు ముళ్లు తీసెయ్యండి. నేను కటింగ్ ప్లేయర్‌తో ఒక్కొక్కటీ మొదట్లో కొరికేస్తా, చేతులకి తోలు గ్లౌజులు. ఒక కొమ్మని పళ్లెం చుట్టుకొలతలో గుండ్రంగా వంచి, పురికొసతో కట్టాలి. రెండోదాన్ని దాని మీద మెలితిప్పుతూ తిప్పాలి. నాలుగైదు కొమ్మలు పడితే చుట్ట గట్టిపడుతుంది. వారం నీడలో ఉంచి, అప్పుడు ఎండు పూలు దోపండి. మా గుమ్మం మీద పోయిన సంక్రాంతికి కట్టింది ఇంకా ఉంది. కాస్త వంకరే, అయినా తియ్యబుద్ధి కాదు.

విశాఖ వదిన:
మా సముద్రపు గాలికి అలాంటిది నెలలో బూజు పట్టింది సీతా. ఎక్కడన్నా పచ్చి మిగిలిందేమో. ఇప్పుడు పూర్తిగా ఆరాక, రంగులేని వార్నిష్ స్ప్రే పలచగా రెండుసార్లు కొడుతున్నా.

మిద్దెతోట:
ఈ కాగితం పూలతో బట్టకి రంగు వేద్దామని ఓసారి ఉడకబెట్టా. వేడికి గులాబీ కాస్తా మట్టిరంగైపోయింది. రంగుతో ఆడుకోవాలంటే శంఖుపుష్పం తీగే హాయి. వేడినీళ్లలో వేస్తే నీలం, నిమ్మరసం పిండితే ఊదా. పిల్లలు గ్లాసులు పట్టుకుని క్యూ కడతారు.

ఓరుగల్లు ఆడబిడ్డ:
మేం బతుకమ్మల పేరుస్తం. తంగేడు, గునుగు, బంతి వరుసల నడుమ కాగితం పూలు పెడితే గులాబీ రంగు కొట్టొచ్చినట్టు కనపడుతది. గునుగుకైతే రంగు అద్దాలె, దీనికి ఆ పని లేదు. కానీ గీ తీగకి వానలంటే పడది, ఎండుగ ఉంటెనే పూస్తది. పండుగకు కావాలంటే కుండీని వసారాల పెట్టి నీళ్లు తగ్గించు.

పెరటిపిచ్చి:
అందరికీ థాంక్సండీ. పొద్దున్నుంచీ కూర్చుని రెండు చుట్టలు చేశా. మొదటిది గుండ్రం అనుకున్నా, కోడిగుడ్డయింది. మా ఆయన "ఇదేంటి, పిట్టగూడా?" అన్నారు. రెండోది పర్లేదు. ఎడమ బొటనవేలికి ముల్లు విరిగి లోపలే ఉంది, రేపు దాని పని చూడాలి. సీతగారూ, ఆ పళ్లెం సైజెంత?

బుట్టలల్లే సీత:
టిఫిన్ పళ్లెమే, అడుగు లోపు. పెద్దదైతే బరువుకి వేలాడిపోతుంది. ముల్లు సంగతి రేపటిదాకా ఆగకండి, సూదితో ఇప్పుడే తీయించుకోండి. నాకోసారి చీముపట్టి వారం బాధపెట్టింది.