ఆఫీసు ఇంగ్లీషులో కామాలు, మర్యాద: నా వాక్యంలో తప్పేమిటి?

ప్రశ్న:
వేరే విభాగంలోని సహోద్యోగికి నిన్న ఈమెయిల్‌లో "ప్లీజ్, సెండ్ ది రిపోర్ట్ బై టుమారో, ఐ యామ్ వెయిటింగ్" అని రాశాను. ఆజ్ఞాపించినట్లు ఉందని ఆమె నొచ్చుకున్నారట. ప్లీజ్ అని రాశాక కూడా అది ఆజ్ఞ ఎలా అవుతుందో నాకు బోధపడలేదు. పైగా అందులోని రెండు కామాలూ తప్పేనని మా మేనేజరు అన్నారు. చదివేటప్పుడు ఊపిరి తీసుకునే చోట కామా పెట్టాలని చిన్నప్పుడు నేర్చుకున్నాను. ఆ లెక్కన రెండూ సరైనవే కదా?

మొదటి జవాబు:
తెలుగులో మర్యాద క్రియ చివరనే ఉంటుంది. "పంపు"కు "అండి" చేరి "పంపండి" అయ్యేసరికి గౌరవం వచ్చేస్తుంది, వేరే మాట అక్కరలేదు. ఇంగ్లీషు క్రియకు అలాంటి ప్రత్యయం లేదు కనుక "సెండ్" ఎవరికి రాసినా "సెండే". ముందు ప్లీజ్ చేర్చినా అది మెత్తని ఆజ్ఞ అవుతుందే తప్ప అభ్యర్థన కాదు. కాదనే వీలు ఎదుటివారికి ఇచ్చినట్లు కనిపించాలంటే "కుడ్ యూ సెండ్ ది రిపోర్ట్ బై టుమారో?" అని ప్రశ్నగా అడగాలి. ఇది మనకు కొత్తేమీ కాదు, కార్యాలయ తెలుగులో "పంపగలరు" అని రాయడంలో ఉన్నదీ ఈ పద్ధతే. "ఐ యామ్ వెయిటింగ్" మాత్రం తీసేయండి. విసుక్కున్నట్లు వినిపించేది ప్రధానంగా ఆ మూడు మాటలే. దాని బదులు రిపోర్టు ఎందుకు కావాలో ఒక్క ముక్క చెబితే గడువు కూడా సమంజసంగా కనిపిస్తుంది.

రెండవ జవాబు:
ఊపిరి సూత్రాన్ని మరచిపోవడమే మేలు. ఇంగ్లీషు కామా వాక్య నిర్మాణాన్ని బట్టి వస్తుంది. వాక్యం మొదట్లో వచ్చే ప్లీజ్ తరువాత కామా ఉండదు, పెడితే బతిమాలినట్లు ఉంటుంది. చివర వస్తే మాత్రం దాని ముందు కామా ఉండాలి. మీ రెండవ కామా ఇంకా పెద్ద పొరపాటు, ఎందుకంటే దానికి అటూ ఇటూ ఉన్నవి రెండు పూర్తి వాక్యాలు. వాటిని ఉత్త కామాతో అతికించకూడదు. ఫుల్‌స్టాప్ పెట్టాలి, లేదా కామాతో పాటు "అండ్", "సో" వంటి మాట చేర్చాలి. మనం "చూసి", "పంపితే" అని అసమాపక క్రియలతో వాక్యాలను కలుపుకుంటూ పోతాం కనుక ఈ చిక్కు తెలుగులో అంతగా ఎదురుకాదు.

అర్థాన్నే మార్చే కామా మరొకటి ఉంది. "ఎంప్లాయీస్ హూ మిస్డ్ ది ట్రైనింగ్ మస్ట్ రిజిస్టర్" అంటే శిక్షణకు రానివారు మాత్రమే నమోదు చేసుకోవాలని. అదే "హూ"కు ముందు, "ట్రైనింగ్" తరువాత కామాలు పెడితే ఉద్యోగులెవరూ శిక్షణకు రాలేదని అర్థం వస్తుంది. "శిక్షణకు రాని ఉద్యోగులు" అనే తెలుగు మాట రెండింటికీ సరిపోతుంది కాబట్టి మనకు ఆ తేడా వెంటనే తట్టదు.

మూడవ జవాబు:
కామాలు చాదస్తమని కొట్టిపారేసేవారికి అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు కేసు ఒకటి చెప్పాలి. ఓవర్‌టైమ్ వర్తించని పనుల జాబితా చివర అక్కడి చట్టంలో "ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్" అని ఉండేది. "ఆర్"కు ముందు కామా లేనందువల్ల, పంపిణీ కూడా విడి పనేనా లేక పంపిణీ కోసం చేసే ప్యాకింగ్ మాత్రమేనా అన్నది తేలలేదు. సరుకు చేరవేయడమే తప్ప ప్యాక్ చేయని పాల సంస్థ డ్రైవర్లు ఓవర్‌టైమ్ కోసం దావా వేస్తే, 2017లో అప్పీలు కోర్టు వారి వైపు మొగ్గింది. మరుసటి ఏడాది 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఇలా మార్చాను, సరిచూడగలరు: "ఇఫ్ యూ హావ్ ఫినిష్డ్ ది రిపోర్ట్, కుడ్ యూ సెండ్ ఇట్ బై టుమారో? ఐ నీడ్ ఇట్ ఫర్ ది ఆడిట్."

రెండవ జవాబు రాసినవారు:
కామా సరిగ్గా ఉంది. "ఇఫ్" ఖండం ముందు వచ్చినప్పుడు దాని తరువాత కామా పెట్టాలి. అయితే రిపోర్టు ఇంకా పూర్తి కాకపోతే పంపనక్కరలేదని ఆమె అనుకునే ప్రమాదం ఉంది. ఆ ఖండాన్ని వదిలేసి నేరుగా "కుడ్ యూ"తోనే మొదలుపెట్టండి.