బ్రౌనీ ఉండలపై చాక్లెట్ పూత నిలవడం లేదు

ప్రశ్న – మహబూబ్‌నగర్
బ్రౌనీని పొడిచేసి, ఉండలు చుట్టి, కరిగించిన డార్క్ చాక్లెట్‌లో ముంచుతున్నాను. అయితే ఫ్రిజ్ నుండి తీసిన కాసేపటికే పూత చేతికి అంటుకుంటోంది. పాలమూరు ఎండలకు తగిన ఉపాయం తెలుపగలరు.

జవాబు – నల్లగొండ
అసలు చాక్లెట్‌లోని కోకో బటర్ సుమారు 34 డిగ్రీల వద్దే కరుగుతుంది. టెంపరింగ్ (కరిగించిన చాక్లెట్‌ను తగిన ఉష్ణోగ్రతకు చల్లార్చి, మళ్లీ కాస్త వేడిచేయడం) చేయకపోతే ఇంకా ముందే మెత్తబడుతుంది కాబట్టి, వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో, కోకో బటర్‌కు బదులు ఇతర వృక్ష కొవ్వులు వాడిన కాంపౌండ్ చాక్లెట్ మేలు. దానికి టెంపరింగ్ అవసరం లేదు. రుచి మాత్రం కొంత తగ్గుతుంది.

జవాబు – వనపర్తి
వేడినీటి గిన్నెపై కరిగించేటప్పుడు ఒక్క నీటిచుక్క పడినా చాక్లెట్ ముద్దకడుతుంది. ఉండలను ఫ్రిజ్‌లో చల్లబరచండి గానీ ఫ్రీజర్‌లో పెట్టకండి. మరీ గట్టిపడితే పూత పగులుతుంది.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలండీ. పెద్దలకు డార్క్ చాక్లెట్‌తో, పిల్లలకు కాంపౌండ్‌తో చేస్తాను.